వంటింటి నేల కింద వేడినీళ్లు

నేను వంటింట్లో చెప్పులు వేసుకోను. ఈ దేశం వచ్చాక అరోరా అనే ఊళ్లో మేం కొనుక్కున్న పాత ఇంటికి వచ్చిన మొదటి చలికాలంలోనే దీని మీద మా ఆయనకీ నాకూ పేచీ మొదలైంది. ఆయన ఊలు మేజోళ్లు తెచ్చారు. లోపల బొచ్చున్న మెత్తటి చెప్పులు తెచ్చారు. నేను వాటిని వంటింటి గుమ్మం దాకా వేసుకుని, అక్కడ విడిచి, ఒట్టి కాళ్లతో లోపలికి వెళ్లేదాన్ని. పోనీ మేజోళ్లకేమైంది అనేవారు. వాటితో బాత్‌రూమ్‌తో సహా ఇల్లంతా తిరిగి, వాటితోనే దేవుడి అలమర ముందు ఎలా నిలబడతాను అనేదాన్ని.

ఆ వంటిల్లు ఎవరో తర్వాత ఇంటి వెనకవైపు కలిపి కట్టిన గది. మిగతా గదుల్లో కిటికీల కింద ఇనుప రేడియేటర్లు ఉండేవి. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్ నీళ్లు కాచి వాటిలోకి పంపేది. వంటింటి దాకా ఆ పైపులు రాలేదు. జనవరిలో ఆ నేల మీద నిలబడితే చలి మడమల్లోంచి ఎక్కి మోకాళ్ల దగ్గర ఆగేది. మడమలు పగిలి, ఆ పగుళ్లలోంచి రక్తం వచ్చేది. సాయంత్రాలు ఆయన నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని, కొబ్బరినూనె వెచ్చచేసి రాస్తూ, "ఈ దేశంలో మడి కట్టుకుని చలికి పోయిన మొదటిదానివి నువ్వే అవుతావే" అనేవారు.

ఆయనకీ ఒక హద్దు పెట్టాను. పని నుంచి వెనక తలుపు గుండా నేరుగా వంటింట్లోకే వచ్చేవారు, బూట్లతో. ఆ తలుపు పక్కన మూలగా కొంచెం చోటు వదిలి, ఇది వంటిల్లు కాదు, బూట్లు ఇక్కడిదాకానే అన్నాను. అక్కడొక స్టూలు వేశాను. ఆయన ఆ స్టూలు మీద కూర్చుని స్టీలు గ్లాసుతో కాఫీ తాగుతూ ఆ రోజు సంగతులు చెప్పేవారు. నేను పొయ్యి దగ్గర పని చేసుకుంటూ వినేదాన్ని. బూట్లు విప్పడం బద్ధకమై ఒక్కోసారి అక్కడే గంట కూర్చునేవారు. మా ఇద్దరి కాపురంలో ఎక్కువ మాటలు ఆ మూలకీ పొయ్యికీ మధ్యనే జరిగాయి.

మా వైపు ఉన్నప్పుడు ఆయన ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశారు. తర్వాత వాళ్ల అక్కగారు కాగితాలు పెట్టి మమ్మల్ని రప్పించారు. ఇక్కడ ఒక హోటల్లో మెయింటెనెన్స్ పని. బల్బులు మార్చడం, కుళాయిలు బిగించడం. అందులో ఆయనకి మనసు నిండేది కాదు. ఆ హోటల్ ముందు హాల్లో నేల కింద పైపులు వేసి, వాటిలో వేడినీళ్లు తిప్పుతారు. ఒకరోజు దాన్ని బాగుచేయడానికి వచ్చినవాళ్ల పక్కన నిలబడి చూసి వచ్చారు. ఆ సాయంత్రం స్టూలు మీద కూర్చున్నారే కానీ కాఫీ చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు. నీ కాళ్లకి చెప్పులు తొడగలేను కానీ నేలకి తొడుగుతాను అన్నారు.

అక్కడినుంచి బేస్‌మెంట్ ఆయన ఫ్యాక్టరీ అయిపోయింది. గ్యాస్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదని ఆయన పట్టుదల. మా వీధి చివర ఒక ఇంటి కప్పు మార్చేవాళ్లు, దాని మీదున్న, ఎండకి నీళ్లు కాచే పాత సోలార్ పలకల్ని విప్పి చెత్తలో వేస్తుంటే అడిగి తెచ్చుకున్నారు. వాటిని మా కప్పు మీద బిగించారు. ఎక్కడో వాడి వదిలేసిన, చుట్టూ నీళ్లు తిరిగే ఇనుప కట్టెల పొయ్యి ఒకటి తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టారు. ఆ ఏళ్లలో పచ్చటి పురుగు ఒకటి పట్టి ఊళ్లో యాష్ చెట్లన్నీ నిలువునా ఎండిపోతుండేవి. మునిసిపాలిటీ వాళ్లు కొట్టేసి దుంగల్ని రోడ్ల పక్కన పడేసేవారు. శనివారం వస్తే ఆయన పికప్ వేసుకుని దుంగల వేటకి వెళ్లేవారు. మా గ్యారేజీ గోడ పక్కన కట్టెలు కప్పు ఎత్తు లేచాయి.

మూడు రకాల వేడీ ఒకే పెద్ద ట్యాంకులోకి చేరేలా అమర్చారు. ఎండున్న రోజు కప్పు మీది పలకలు, లేని రోజు కట్టెల పొయ్యి, రెండూ చాలకపోతే గ్యాస్ బాయిలర్. కట్టెల పొయ్యి నీళ్లు సలసల కాగుతాయి, అంత వేడి నేలలోకి వెళ్తే టైల్స్ పగులుతాయి. అందుకని మధ్యలో ఒక ఇత్తడి వాల్వు. వేణ్ణీళ్లలో చన్నీళ్లు కలుపుకుని పోసుకున్నట్టే అది కూడా చేస్తుందని నాకు చెప్పారు. ఇంత హంగామా ఎందుకండీ అంటే, "కరెంటు పోతేనో" అనేవారు. ఏ పని చేసినా ఆయన నోట అదే మాట. ఇన్నేళ్లలో ఇక్కడ కరెంటు పోయిందెప్పుడు అని మా అమ్మాయి నవ్వేది. పోదని రాసిచ్చారా అని ఆయన అడిగేవారు.

వంటింటి నేల పీకేశాక కింద ఒట్టి చెక్క మిగిలింది. గోడ కొంత కొట్టినందుకు తెల్లటి దుమ్ము దాని మీద పరుచుకుంది. పొయ్యి తీయలేదు కాబట్టి నేను ఆ దుమ్ములోనే వంట చేసేదాన్ని. నా అడుగులు పడేవి. ఆయన వెనకనే మోకాళ్ల మీద పాకుతూ సుద్దముక్కతో వాటి చుట్టూ గీసేవారు.

"ఏమే, మామూలుగా నడువు. నేను చూస్తున్నానని హంసనడక నడవకు."

"సుద్దముక్క పట్టుకుని ఆడవాళ్ల కాళ్ల వెంట పాకే మగాణ్ణి మిమ్మల్నే చూశాను."

అప్పుడు కాలేజీలో ఉన్న మా అమ్మాయి సెలవులకి వచ్చి అది చూసి, "కృష్ణాష్టమికి ముగ్గులా ఉంది నాన్నా, పాదాలే కొంచెం పెద్దవి" అంది. నాకు చిన్నతనమనిపించి తడిగుడ్డతో తుడిచేశాను. మర్నాటికి ఆయన మళ్లీ గీశారు. ఏం కొలుస్తున్నారో నేను అడగలేదు. తర్వాత సిమెంటు పోసి ఆరేదాకా ఇంట్లో వద్దని నన్ను వాళ్ల అక్కగారింట్లో దించారు. నేను తిరిగొచ్చేసరికి టైల్స్ కూడా వేసేశారు. కింద పైపులు ఎలా పరిచారో నేను చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. ఆ చలికాలం నేల వెచ్చగా ఉంది. మడమలు పగల్లేదు. ఆ సంగతి నేను నోరు తెరిచి చెప్పకముందే ఆయన నా కాళ్లు చూసి తెలుసుకున్నారు.

యాభై దాటాక, అమ్మాయి పెళ్లి కూడా అయ్యాక, నాకు చదువు మొదలైంది. ఆదివారం మధ్యాహ్నాలు గుడిలో పిల్లలకి తెలుగు బడి పెట్టేవారు. ఆయనే పోరి పోరి నన్ను చేర్పించారు. ఇక్కడ పుట్టిన ఏడెనిమిదేళ్ల పిల్లల మధ్య చిన్న కుర్చీలో కూర్చునేదాన్ని. నా పక్క పిల్ల నా పలకలోకి తొంగిచూసి, "ఆంటీ, తలకట్టు మర్చిపోయావ్, ఇట్స్ ఓకే" అనేది. ఆయన బయట కారులో నిద్రపోయేవారు. ఇంటికొచ్చే దారిలో షాపుల బోర్డులు చూపించి, వీటిలో ఒక్కటీ తెలుగులో లేదే, నీ చదువు వృథా అని ఏడిపించేవారు. గుణింతాలు అయ్యాయి. ఒత్తుల దగ్గర ఉన్నాను. నవంబరు మొదట్లో ఒక పొద్దున హోటల్ మెట్ల మీద ఆయన కూలిపోయారు. గుండె. నేను వెళ్లేసరికే అయిపోయింది. ఆ చలికాలానికి పేర్చిన కట్టెల్లో ఒక్కటి కూడా అప్పటికి అంటించలేదు.

ఆ చలికాలం ఎలా గడిచిందో నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు. మా అమ్మాయి షామ్‌బర్గ్‌లోని తన ఇంటి నుంచి వారం వారం వచ్చి గోడ మీది మీటలు సరిచేసి వెళ్లేది. ఇల్లు గ్యాస్ మీద నడిచింది. కట్టెల పొయ్యి జోలికి ఎవరూ పోలేదు. ఏప్రిల్ చివర్లో అమ్మాయి వచ్చి, "ఇంక హీట్ ఆఫ్ చేసేస్తున్నానమ్మా" అని అన్నీ ఆపేసింది. రేడియేటర్లు చల్లబడ్డాయి. ఇంట్లో ఏ మోటారూ తిరగడం లేదు.

కొన్ని రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని కందిపప్పు ఏరుకుని, పళ్లెం కడగడానికి సింకు వైపు నడిచాను. కాళ్ల కింద వెచ్చగా తగిలింది. ఎండ పడిందేమో అనుకున్నాను, కానీ ఎండ గదికి అవతలి వైపు ఉంది. ఒక అడుగు పక్కకి వేశాను. చల్లగా ఉంది. మళ్లీ వెనక్కి వేశాను. వెచ్చగా ఉంది. పళ్లెం గట్టు మీద పెట్టేసి, కళ్లు మూసుకుని, కాళ్లతో తడుముకుంటూ వెళ్లాను. పొయ్యి ముందు నుంచి సింకుకి, సింకు నుంచి దేవుడి అలమర ముందుకి, అక్కడినుంచి నేను కూర్చునే కిటికీ దగ్గరికి. సన్నటి దారి. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నం. ఎవరో ఇప్పుడే నడిచి వెళ్లినట్టుంది.

బేస్‌మెంట్ మెట్లు దిగి చూశాను. మోటార్లు ఆగే ఉన్నాయి. కట్టెల పొయ్యి మీద చెయ్యి వేస్తే మంచులా ఉంది. బాయిలర్‌లో మంట లేదు. ఆయన చొక్కా ఒకటి, ఆయన తగిలించిన మేకుకే వేలాడుతోంది. పైకి వచ్చేశాను.

సంవత్సరీకం దాకా పోయినవాళ్లు ఇంకా ప్రయాణంలోనే ఉంటారని మా అత్తగారు చెప్పేవారు. నెల నెలా మాసికం పెడుతూనే ఉన్నాం. ఇంకేమనుకోను? ఆయన నడుస్తున్నారు అనుకున్నాను. భయం వేయలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ బూట్లతో హద్దు దాటలేదు, ఇప్పుడు బూట్లు లేవు కాబట్టి వంటిల్లంతా తిరుగుతున్నారు అనుకున్నాను.

రోజూ వచ్చేవారు కాదు. వస్తే మధ్యాహ్నం వాలాక వచ్చేవారు, దీపాలు పెట్టాక కూడా చాలాసేపు ఉండేవారు. రాని రోజున నేనేం చేశానా అని వెతుక్కునేదాన్ని. కాఫీ రెండు గ్లాసుల్లో పోసిన రోజు వచ్చారనిపించింది. మర్నాడూ పోశాను, రాలేదు. ఆయన చొక్కాలు కొన్ని గుడికి ఇచ్చిన వారం ముసురు పట్టింది. ఆ వారమంతా నేల చల్లగా ఉంది. కోపం వచ్చిందనుకుని, బేస్‌మెంట్ మేకుకున్న చొక్కా తెచ్చి స్టూలు మీద మడతపెట్టాను. రెండు రోజులకి వచ్చారు. ఇంక దాన్ని అక్కడినుంచి తీయలేదు.

మధ్యాహ్నాలు ఇల్లు వదలడం మానేశాను. ఆదివారం తెలుగు బడి సరిగ్గా అదే వేళకి. వాళ్లు ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదని చెప్పాను. మెల్లగా బజారుకి పోవడం కూడా పొద్దుటికి మార్చుకున్నాను, తర్వాత అదీ తగ్గించాను. కిటికీ దగ్గర ఆ దారి మీద బొంత పరుచుకుని అక్కడే నడుం వాల్చేదాన్ని. కింది నుంచి వెచ్చదనం వీపుకి తగిలేది. ఆయన పక్కన పడుకున్నప్పుడు తగిలినంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. మాట్లాడేదాన్ని కూడా. స్టూలు వైపు తిరిగి కాదు, నేలకేసి.

జూలైలో ఒక శనివారం మా అమ్మాయి చెప్పకుండా వచ్చింది. అప్పటికి దానికి అయిదో నెల. పురిటికి నా దగ్గరికే వస్తానని, హాస్పిటల్ నుంచి నేరుగా పుట్టింటికే రావాలని ఉందని ముందే చెప్పింది. ఇక్కడ అందరూ తల్లుల్నే తమ ఇళ్లకి రప్పించుకుంటారు. ఇది మాత్రం నాన్న కట్టిన ఆ వెచ్చటి వంటింట్లో ఉంటానంది. ఆ రోజు తలుపు తీసి వచ్చేసరికి నేను బొంత మీద ఉన్నాను. పొద్దుటి అన్నం గిన్నె కడగకుండా సింకులో ఉంది. స్టూలు మీద చొక్కా ఉంది, పక్కన కాఫీ గ్లాసు ఉంది.

అది గిన్నెలు కడిగింది. తర్వాత నా పక్కన చతికిలబడి, పైన మంచం ఉండగా ఇక్కడెందుకమ్మా అని అడిగింది. మేజోళ్లు విప్పి నిలబడమన్నాను. విప్పింది. ముందు ఏమీ తెలియలేదు. నేను చెయ్యి పట్టుకుని రెండడుగులు జరిపాను. దాని ముఖం మారిపోయింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుంది.

"హీట్ ఆఫ్ చేశాను కదా. ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"నువ్వు ఆపిన దగ్గర్నుంచీ."

పైపు పగిలి కింద నీళ్లు కారుతున్నాయేమో, నేల కుళ్లిపోతుందేమో, మనిషిని పిలుస్తానంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దు అంటే నా చూపు స్టూలు వైపు పోయింది. చొక్కా వైపు చూసి అదే అర్థం చేసుకుంది. 

"అమ్మా, నువ్విలా ఉంటే నేను బేబీని తీసుకుని ఇక్కడికి రాను."

"ఎలా ఉన్నాను?"

"నువ్వు నాన్నతో ఉంటున్నావ్. మాతో లేవు."

మేజోళ్లు తొడుక్కోకుండా చేత్తో పట్టుకునే కారెక్కింది. మర్నాడు ఫోన్ చేసి, మనిషిని పంపిస్తున్నాను, నేనూ వస్తాను, లేదంటే పురుడు మా ఇంట్లోనే, నువ్వు వస్తే రా లేకపోతే లేదు అంది. ఆ ఇంటికి వెళ్తే నేను ఈ నేలని వదలాలి. వాళ్లు వచ్చి దీన్ని ఆపేసినా వదలాలి. ఎటు చూసినా ఆయన పోవడం మళ్లీ ఒకసారి జరగబోతోందనిపించింది. సరే అన్నాను. ఆ వారం నేను పైపుల మనిషి రాకూడదని దేవుడికి దండం పెట్టుకోలేదు కానీ, దీపం మాత్రం రోజూ వెలిగించలేకపోయాను.

ఆ మనిషి బాగా ఎండగా ఉన్న మధ్యాహ్నం వచ్చాడు. మెక్సికో నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. బూట్ల మీద నీలం రంగు కాగితం తొడుగులు వేసుకుని లోపలికి వస్తుంటే, బూట్లే విప్పమని అమ్మాయి చేత చెప్పించాను. అది ఇబ్బందిపడుతూ చెప్పింది. తన తల్లి కూడా ఇలాగే విప్పిస్తుందని నవ్వుతూ అతను విప్పాడు. ముందు బేస్‌మెంట్‌లోకి వెళ్లి చాలాసేపు తిరిగాడు. ఒకే ట్యాంకుకి మూడు రకాల వేడి కలపడం చూసి ఈల వేశాడు. ఇది ఎవరు చేశారని అడిగాడు. మా నాన్న అని అమ్మాయి చెప్పింది.

తర్వాత పైకి వచ్చి టార్చిలైటులాంటి ఒక కెమెరా తీశాడు. దాని తెర మీద వేడి ఉన్నచోటు పసుపుగా, ఎర్రగా కనిపిస్తుంది, చల్లటి చోటు నీలంగా ఉంటుంది. దాన్ని నేలకి చూపించగానే నా దారి కనిపించింది. నా కాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నది పసుపు గీతలాగా అందరి ముందూ ఉంది. పొయ్యి ముందు గుండ్రంగా తిరిగింది. సింకు దగ్గర మడతపడింది. దేవుడి అలమర ముందు ఒక చుట్ట చుట్టుకుంది. కిటికీ దగ్గర మళ్లీ ఒక పెద్ద చుట్ట. మిగతా వంటిల్లంతా ఒట్టి నీలం.

పైపు వేసినవాడు తప్పు చేశాడు అన్నాడతను. గోడ నుంచి గోడ దాకా సమానంగా, వరసలు వరసలుగా పరచాలట. ఇలా సగం గది వదిలేసి వంకరటింకరగా ఎవరూ వేయరట. బహుశా పైపు చాలలేదేమో అన్నాడు. అమ్మాయి దానికి తెలుగు చెప్పబోయి ఆగింది. తెర వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, నా కాళ్ల వైపు చూసింది.

"అమ్మా, ఇది నాన్న కాదు. ఇది నువ్వు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అది వంగి, గాలిలో సుద్దముక్క పట్టుకున్నట్టు వేళ్లు పెట్టి, నేల మీద ఒక పాదం చుట్టూ గీసింది. అప్పుడు దుమ్ము గుర్తొచ్చింది. హంసనడక గుర్తొచ్చింది. ఆయన నేలని కొలవలేదు. నన్ను కొలిచారు. పొయ్యి ముందు నేను ఎంతసేపు నిలబడతానో, దేవుడి ముందు ఎంతసేపు, కిటికీ దగ్గర ఎంతసేపు, అంత పైపు అక్కడ చుట్టారు. ఇన్ని నెలలు ఆయన అడుగులనుకుని నేను వేటిని తొక్కానో, వేటితో మాట్లాడానో, వేటి మీద పడుకున్నానో అవి నావే.

 గట్టు పట్టుకుని నిలబడ్డాను. అతను ఏదో పొరపాటు మాట అన్నానేమోనని కంగారుపడి, అసలు సంగతి చిన్నదేనని చెప్పడం మొదలుపెట్టాడు. కప్పు మీది పలకల చిన్న మోటారు ఎండతోనే తిరుగుతుంది, గోడ మీది మీటలతో దానికి పనిలేదు. వేసవిలో వేడినీళ్ల వాడకం తక్కువ కాబట్టి, ఎండున్న రోజు పలకల వేడికి ట్యాంకు నిండా నీళ్లు కాగుతాయి. వేడినీళ్లు తేలిక, మోటారు లేకపోయినా వాటంతటవే పైపు పట్టుకుని పైకి ఎక్కుతాయి, నేలలో చల్లబడి కిందికి దిగుతాయి. అలా ఎక్కకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు ఒకటి పెట్టాలి. వంటింటి పైపుకి అది లేదు, మర్చిపోయి ఉంటాడు అన్నాడు. ముసురు పట్టిన వారం ఆయన ఎందుకు రాలేదో తెలిసింది. మధ్యాహ్నం వాలాకే ఎందుకు వచ్చేవారో కూడా తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేదని ఆ నిమిషంలో అనుకున్నాను.

అతను కెమెరా కట్టేయబోతూ ఒకసారి వెనక తలుపు వైపు తిప్పాడు. తెర చివరి మూలంతా నల్లటి నీలం. అక్కడ మళ్లీ చూపించమన్నాను. చూపించాడు. ఇక్కడ ఏమీ లేదు, పైపు ఈ దరిదాపులకే రాలేదు అన్నాడు. స్టూలు ఉన్న మూల అది. వంటిల్లు కాదని నేను అన్న చోటు. చలికాలాలన్నీ ఆయన బూట్లతో కూర్చుని కాఫీ చల్లార్చుకున్న చోటు. ఆయన తనకోసం జానెడు పైపు వేసుకోలేదు.

అరగంటలో వాల్వు పెట్టేస్తాను, ఇంక మోటారు తిరిగితే తప్ప నేలలోకి చుక్క రాదు అన్నాడతను. అమ్మాయి నా వైపు చూసింది. దానికి నా నోటితో వినాలని ఉంది. నాకు వద్దని చెప్పాలని ఉంది. ఆ వెచ్చదనం ఆయన కాకపోవచ్చు, ఆయన చేసిందే కదా. అది రాని ఇంట్లో ఇంకేం మిగులుతుంది? కానీ అమ్మాయి పొట్ట మీద చెయ్యి అలాగే ఉంది.

దానంతటది మూసుకునేది కాకుండా, చేత్తో తిప్పేది పెట్టొచ్చా అని అడిగించాను. పెట్టొచ్చు, కానీ తెరవడం, మూయడం మీరే గుర్తుపెట్టుకోవాలి అన్నాడు. ఆలోచించి, చలికాలంలో కరెంటు పోయి మోటారు ఆగినా, కట్టెల పొయ్యిలో నిప్పుంటే, అది తెరిస్తే కొంచెం వేడి పైకి వస్తుంది, ఆ రకంగా మంచిదే అని కూడా అన్నాడు.

అమ్మాయి, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కరెంటు పోతేనో అన్న గొంతు ఇద్దరికీ వినబడింది. ఆయన ఆ వాల్వు మర్చిపోయారో, కావాలని వదిలేశారో ఇక ఎవరూ చెప్పలేరు. మర్చిపోయే మనిషి కాదని అమ్మాయి అంటుంది. 

అతను బేస్‌మెంట్‌లో పని ముగించాక, తిప్పుతారా అని నన్నే అడిగాడు. ఎర్ర పిడి. తేలిగ్గానే తిరిగింది. తర్వాత ఆ వాల్వు పైనున్న పైపు మీద అరచెయ్యి వేసి నిలబడ్డాను. అమ్మాయి అతన్ని సాగనంపి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాను. వేడి ఒక్కసారిగా పోలేదు. ఎక్కడ పోయిందో చెప్పలేనట్టు పోయింది. ఒక సమయానికి పైపు చల్లగా ఉందా, నా చెయ్యి చల్లగా ఉందా తెలియలేదు.

ఆ తర్వాతి ఆదివారం తెలుగు బడికి వెళ్లాను. నన్ను డ్రైవ్ చేసి తీసుకెళ్లడానికి అమ్మాయే వచ్చింది. నాతో కూర్చున్న పిల్లలు పై తరగతికి వెళ్లిపోయారు. కొత్త పిల్లలు నన్ను టీచర్ అనుకుని లేచి నిలబడ్డారు. ఒత్తుల దగ్గర మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడవుతుంటే ఇంట్లో ఏదో పొయ్యి మీద వదిలి వచ్చినట్టు మనసు లాగేది. లేవకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి ఒత్తుల కంటే ఎక్కువ కాలం పట్టింది.

సంవత్సరీకం అయ్యాక, డిసెంబరులో మనవరాలు పుట్టింది. హాస్పిటల్ నుంచి నేరుగా మా ఇంటికే తెచ్చారు. ఆ పొద్దున గ్యారేజీ గోడ పక్క నుంచి కట్టెలు తెచ్చి, ఆయన పోయాక మొదటిసారి పొయ్యి అంటించాను. యాష్ కట్టె బాగా ఎండిపోయి ఉంది, వెంటనే అందుకుంది. ట్యాంకు వేడెక్కాక ఎర్ర పిడి తిప్పి పైకి వచ్చాను. గోడ మీది మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, నాకు తెలుసు. కానీ చప్పుడు లేకుండా, దానంతటది ఎక్కి రావాలని ఉండింది. కిటికీ దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుని వేచి చూశాను. ముందు మడమలకి తెలిసింది. తర్వాత పిక్కలకి. పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాశాను. నీళ్లు మాత్రం తర్వాత బాత్‌రూమ్‌లో పీట వేసుకుని పోయొచ్చనుకున్నాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి, మేజోళ్లు విప్పి, లోపలికి వచ్చింది.

ఇప్పటికీ అంతే. పాప వచ్చిన రోజుల్లో తెరుస్తాను, వెళ్లాక మూసేస్తాను. ఒక మార్చిలో మంచువాన పడి నిజంగానే కరెంటు పోయింది. చుట్టుపక్కల ఇళ్లన్నీ చల్లబడ్డాయి. నేను కట్టెల పొయ్యి అంటించి పిడి తిప్పాను, మా నేల మాత్రం నా దారి పొడుగునా వెచ్చగా ఉంది. అతనన్న సమానమైన వరసలు ఇప్పుడు వేయించుకోమని అమ్మాయి అడిగింది. వద్దన్నాను.

ఆ చొక్కా ఉతికి మడతపెట్టి పైన పెట్టేశాను. స్టూలు తీయలేదు. పాప ఆ మూలకి పాకుతూ వెళ్లి, చల్లగా తగలగానే వెనక్కి తిరిగి వచ్చేసేది. నేను మాత్రం పనంతా అయ్యాక రోజూ ఒకసారి అక్కడికి వెళ్తాను. నా హద్దు నేనే దాటి, స్టూలు పక్కన ఒట్టి కాళ్లతో నిలబడతాను. చలి మడమల్లోంచి ఎక్కుతుంది. మోకాళ్ల దగ్గర ఆగుతుంది. ఆగేదాకా ఉంటాను.